ఎడమ మూల

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నాకు రెండు తుపాకులు పరిచయమయ్యాయి. ఒకటి హాస్టల్లో, ఇంకోటి గ్రౌండులో.

హాస్టల్లోది ఉత్తుత్తి తుపాకీ. రాత్రి పదకొండు దాటాక వరండా పొడుగునా ల్యాన్ కేబుళ్లు పరిచి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లం. అందులో పోలీసుల పక్షాన ఆడేవాళ్లు కొనుక్కునే తుపాకుల పట్టీలో ఒకదాని పేరు ‘బుల్‌పప్’. కుక్కపిల్ల పేరు తుపాకీకి ఎందుకు పెట్టారా అని నవ్వుకున్నాం. చూడ్డానికి కూడా విడ్డూరంగా ఉండేది. ట్రిగర్ ముందుకీ మ్యాగజైన్ వెనక్కీ పోయి, ఎవరో విప్పి మళ్లీ బిగించేటప్పుడు ముక్కలు తారుమారు చేసినట్టు. అది ఆస్ట్రియా వాళ్ల స్టయర్ ఏయూజీ అని చాలా తర్వాత తెలిసింది. అప్పటికి నాకు దాని గొప్పంతా పైనున్న స్కోపులోనే కనబడింది.

నాది పుర్రచెయ్యి. ఆటలో తుపాకీ మామూలుగా తెరకి కుడివైపు ఉంటుంది. కన్సోల్ తెరిచి ‘సీఎల్ రైట్‌హ్యాండ్ 0’ అని కొడితే ఎడంచేతిలోకి వచ్చేస్తుంది. ఒక్క అంకె మారిస్తే చాలు. కత్తెరలు, పరీక్ష హాల్లో కుడివైపు రాతపలక ఉన్న కుర్చీలు, బ్యాంకు కౌంటర్లో పొట్టి దారంతో కట్టేసిన పెన్ను, ఇవేవీ అంత సులువుగా నా వైపుకి తిరగలేదు.

గ్రౌండులోది నిజం తుపాకీ. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్. బోర్లా పడుకుని పాతిక గజాల దూరంలో ఉన్న కాగితాన్ని కొట్టాలి. మనిషికి ఐదు రౌండ్లు. నా వంతు రాగానే అలవాటు ప్రకారం తుపాకీ మడమని ఎడమ భుజానికి ఆనించుకున్నాను. వెనకనించి హవల్దార్ సాబ్ బూటుతో నా కాలు తట్టి, “దాయే కంధే పే” అన్నాడు. కుడి భుజానికి మార్చు అని. నాకు గురి కుదిరేది ఎడమ కంటితోనేనని, కుడి కంటితో చూస్తే కాగితం పక్కకి జరిగినట్టుంటుందని వచ్చీరాని హిందీలో చెప్పబోయాను. ఆయన నా మాట పూర్తి కానివ్వకుండా బోల్టు పిడి ఏ పక్కనుందో వేలితో చూపించాడు. కుడి పక్కనే ఉంది. ఇంక వాదించడానికేముంది? ఐదింట్లో రెండు కాగితానికి తగిలాయి. అందులో ఒకటి పక్కవాడిదని ఇప్పటికీ నా అనుమానం. కాల్పులయ్యాక ఖాళీ తొడుగులు ఏరి లెక్కపెట్టి అప్పగించాలి. వాటిని ఖోఖాలు అంటారు. ఏరడంలో మాత్రం నేను ఎవరికీ తీసిపోలేదు.

ఇన్నేళ్లలో దాని గురించి పెద్దగా బాధపడిందేమీ లేదు. నాయనమ్మ “పుర్రచేత్తో ఇవ్వకురా” అని పదేపదే చెప్పినందువల్ల ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ కుడిచేత్తోనే. భోజనమూ అంతే. రాత ఒక్కటే ఎడమ. తుపాకీ జోలికి మళ్లీ పోయే పని లేదు గనక ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మొన్న సంక్రాంతికి నా హాస్టల్ రూమ్మేటు మా ఇంటికొచ్చాడు. అప్పట్లో రాత్రంతా నాతో ఆడిన వాళ్లలో నిజం తుపాకీ పట్టింది వాడొక్కడే. కేంద్ర బలగాల్లో ఒకదానిలో చేరాడు, చాలాకాలం అడవుల్లో పనిచేశాడు. భోజనాల దగ్గర వాడి మెడ మీద, కాలరెముకకి కాస్త పైన, గోరంత మచ్చ కనబడింది. నూనె పడిందా అని మా ఆవిడ అడిగింది. “కాదమ్మా, ఖోఖా పడింది” అన్నాడు. కాల్చిన వెంటనే బయటికొచ్చే తొడుగు చర్మం అంటుకునేంత వేడిగా ఉంటుంది. అది కాలర్లో పడి చొక్కాకీ మెడకీ మధ్య ఇరుక్కుంది. “అప్పుడు తుపాకీ కింద పడేసి గంతులెయ్యకూడదు. అదే అసలు ట్రైనింగు” అని నవ్వాడు.

కుడిచేతి వాటం వాడికి ఖోఖా ఎడమవైపు మెడ మీద ఎలా పడింది? ఖోఖాలు కుడికి కదా ఎగురుతాయి? ఆ ప్రశ్నకి వాడు అన్నం కలుపుతూనే జవాబు చెప్పాడు. నేను మాత్రం దాని వెనకపడి నెలరోజులు చదివాను.

ఆ రోజు వాడి చేతిలో ఉన్నది బుల్‌పప్.

మామూలు రైఫిల్లో ముందు గొట్టం, దాని వెనక తూటా పేలే గది, దాని కింద మ్యాగజైన్, ఆ వెనక ట్రిగర్, చివర్న భుజానికి ఆనించే మడమ. ఆ మడమ చాలావరకు ఉత్త కర్ర, లేదా ప్లాస్టిక్కు. అక్కడ జాగా వృథా అవుతోంది గదా అని యంత్రాన్నంతా అందులోకి జరిపి, ట్రిగర్ని ముందుకు తెస్తే అది బుల్‌పప్. ఆలోచన పాతదే. థోర్నీక్రాఫ్ట్ కార్బైన్ అని 1901లోనే బ్రిటన్‌లో ఒకటి చేసి చూశారు. లాభం ఎంతో లెక్క చూడండి. అమెరికా వాళ్ల ఎం16ఏ2కి గొట్టం 508 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు మీటరు పైచిలుకు. స్టయర్ ఏయూజీకీ గొట్టం 508 మిల్లీమీటర్లే, మొత్తం పొడవు 790. గొట్టం తగ్గలేదు గనక తూటా వేగం తగ్గదు. జానెడు పొడవు మాత్రం మాయమైంది. ఇనప పెట్టెలాంటి బండ్లలోంచి దిగేవాళ్లకీ, హెలికాప్టర్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లకీ ఆ జానెడు చిన్న విషయం కాదు. ఇరుకు తలుపుల్లోంచి దూరేటప్పుడూ అంతే. వెదురు పొదల్లో నడిచేటప్పుడు పొట్టి తుపాకీ ఎంత హాయో మావాడు చేతులు ఊపి మరీ చెప్పాడు.

ఇంజనీరుకి ఇలాంటి లాభం చూడగానే ఒక సందేహం రావాలి. ఆ జానెడూ ఎక్కడికి పోయింది?

మనిషి ఒంటి మీదికి వచ్చి చేరింది. మామూలు రైఫిల్లో పేలుడు గది మొహానికి ఎదురుగా, కాస్త ఎడంగా ఉంటుంది. బుల్‌పప్‌లో చెంప ఎముక కిందో, చెవి పక్కనో. ఎప్పుడో ఒక చెడ్డ తూటా గదిలోనే బద్దలైతే, లేదా గొట్టంలో ఏదో అడ్డుపడితే, ఆ పేలుడు జరిగేది దవడ పక్కన. ఇది ఊరికే భయపడి అంటున్న మాట కాదు. సింగపూర్ వాళ్లు 1999లో తెచ్చిన ఎస్ఏఆర్ 21లో చెంప ఆనే చోట కెవ్లార్ పలక పెట్టారు. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే పదార్థం అది. తుపాకీ పట్టుకున్నవాణ్ణి వాడి తుపాకీ నుంచే కాపాడటానికి అదన్నమాట. ఆ పలక పెట్టిన డిజైనరు మీద నాకు గౌరవం. ప్రమాదాన్ని ఎక్కడికి జరిపాడో తెలిసి, ఒప్పుకుని చేసిన పని.

అంత ఘోరం జరక్కపోయినా రోజువారీ బాధలున్నాయి. పొట్టి తుపాకీలో గొట్టం మూతి చెవులకి దగ్గర, యంత్రం చప్పుడు మరీ దగ్గర. ప్రతి తూటాకీ కాస్త పొగ, కాస్త మసి కళ్లలోకి. “రేంజిలో చెవులకి మఫ్‌లు పెట్టుకుంటాం. అడవిలో పెట్టుకుంటే ఎండుటాకు చప్పుడు ఎవడు వింటాడ్రా?” అన్నాడు మావాడు. వాడికిప్పుడు రాత్రిపూట ఫ్యాను ఆపితే చెవిలో గుయ్యిమంటుందట. ఏ తుపాకీ వల్లో వాడికీ తెలీదు. అన్నీ కాల్చినవాడు.

ట్రిగర్ సంగతి నాకు వృత్తిరీత్యా బాగా అర్థమైంది. వేలు ముందుంది, పేల్చే యంత్రం వెనకుంది. రెంటికీ మధ్య పొడుగాటి లోహపు కడ్డీయో తీగో కలపాలి. వేలు నొక్కింది కడ్డీకి, కడ్డీ లాగింది యంత్రానికి. మధ్యలో కొంత వంపు, కొంత రాపిడి. అందుకే బుల్‌పప్ ట్రిగర్ ‘మెత్తగా’ ఉందని, ఎప్పుడు పేలుతుందో వేలికి తెలియదని కాల్చినవాళ్లు విసుక్కుంటారు. మధ్యలో ఇంకో సర్వీసు పెట్టాక బటన్ నొక్కినవాడికీ, పని చేసే సర్వరుకీ మధ్య జరిగేది ఇలాంటిదే. తేడా ఏమిటంటే మా దగ్గర ఆలస్యమైతే కస్టమర్ రెండోసారి నొక్కుతాడు. తుపాకీ దగ్గర ఆ రెండో నొక్కుడు ఇంకో తూటా.

ఏయూజీలో దీనికి మరో మెలిక. ట్రిగర్ సగం నొక్కితే ఒక తూటా, పూర్తిగా నొక్కితే ధారగా. బల్ల మీద పెట్టి చూస్తే ముచ్చటైన ఆలోచన. మీట తిప్పక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు. కానీ భయపడ్డ మనిషి సగం నొక్కడు. ఆస్ట్రేలియా వాళ్లు ఇదే తుపాకీని ఎఫ్88 పేరుతో లిత్‌గోలో తయారు చేసుకుంటూ, ధారగా పేలకుండా అడ్డుకునే ఒక తాళం అదనంగా పెట్టుకున్నారు. ఆ తాళం పెట్టినవాళ్లు మనుషుల్ని చూసినవాళ్లని నా నమ్మకం.

ఇంకోటి. తుపాకీ ముందుభాగం పొట్టిదైపోతే, దాన్ని పట్టుకునే రెండో చెయ్యి మూతికి దగ్గరవుతుంది. చెయ్యి రెండంగుళాలు జారితే వేళ్లు తూటా దారిలోకి. బ్రిటిష్ వాళ్లు ట్యాంకు సిబ్బందికని చేసిన ఎల్22 అనే మరుగుజ్జు తుపాకీకి ముందు నిలువుగా ఒక పిడి దిగేశారు. చెయ్యి అంతకన్నా ముందుకు పోకుండా అది కూడా ఒక కంచె. పొట్టిదాని మూతి ఎటు పడితే అటు తిరిగిపోతుంది కూడా. బండిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఎవరి మూతి ఎవరి కాలి వైపు ఉందో చూసుకోవడమే ఒక పనట. మ్యాగజైన్ మార్చడం మరో తిప్ప. మామూలు తుపాకీలో అది కళ్లెదురుగా జరిగే పని. ఇందులో చంక కింద. నేల మీద బోర్లా పడుకుని ఉంటే ఒళ్లు ఒత్తిగిలి, మోచెయ్యి లేపి, తడుముకుంటూ మార్చాలి. నేర్చుకుంటే వచ్చేదే. వందలసార్లు చేసినవాడికి చీకట్లో కూడా వస్తుంది. మావాడు ఇక్కడ నామీద గట్టిగానే విరుచుకుపడ్డాడు. చదివినవాళ్లకి ఇవన్నీ పెద్ద లోపాల్లా కనిపిస్తాయనీ, చేతికి అలవాటయ్యాక సగం గుర్తు కూడా ఉండవనీ. నిజమే అయ్యుంటుంది.

గుర్తుండిపోయేది మిగతా సగం. మెడ మీది మచ్చ అందులోదే.

ఆ సగం అర్థం కావాలంటే బ్రిటన్ వాళ్ల ఎస్ఏ80 కథ చూడాలి. వాళ్లు 1951లోనే ఈఎం-2 అనే బుల్‌పప్‌ని సైన్యానికి ఖరారు చేశారు. చర్చిల్ మళ్లీ అధికారంలోకి రాగానే రద్దయింది. దాని బదులు తీసుకున్న పొడుగాటి ఎస్ఎల్ఆర్ మన సైన్యానికీ, మా ఎన్‌సీసీ సీనియర్లకీ తెలిసిందే. ముప్పై ఏళ్లు పోయాక ఆ పాత మోజు మళ్లీ తీర్చుకుని, 1985లో ఎల్85 తెచ్చారు. మన పోలీసు స్టేషన్ల ముందు కాపలా కానిస్టేబులు భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీకి పేరిచ్చిన ఎన్‌ఫీల్డ్ కర్మాగారం చేసిన ఆఖరి రైఫిల్ అదే. పేరు నిలబెట్టలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసకకి మొరాయించింది. దోమల మందు తగిలితే ప్లాస్టిక్ భాగాలు కరిగాయి. మ్యాగజైన్ విడిపించే బొత్తాం ఒంటికి ఒరుసుకుని, నడుస్తుండగానే మ్యాగజైన్ ఊడి కింద పడేది. సైనికుడికి తెలియను కూడా తెలియదు. చివరికి జర్మన్ సంస్థ హెక్లర్ అండ్ కాక్ చేతికిచ్చి, తొమ్మిది కోట్ల పౌండ్ల పైన ఖర్చు పెట్టి బాగుచేయించుకున్నారు. బాగైంది. ఇప్పుడు నమ్మదగ్గ తుపాకీ అని పేరు. వీటిలో చాలా లోపాలు బుల్‌పప్ అయినందుకు వచ్చినవి కావు, చెత్తగా చేసినందుకు వచ్చినవి. బుల్‌పప్‌ల మీద రాసేవాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపేసి కొడతారు, అది న్యాయం కాదు.

అయితే జర్మన్లు కూడా మార్చలేకపోయింది ఒకటుంది. ఎల్85ని ఎడమ భుజం మీంచి కాల్చకూడదు. ఖోఖాలు బయటికొచ్చే కిటికీ కుడి పక్కన, సరిగ్గా ఎడమచేతి వాటం వాడి మొహం ఉండేచోట ఉంది. దాని పక్కనే బోల్టుతోపాటు ముందుకీ వెనక్కీ కొట్టుకునే ఇనప పిడి. ఎడమ భుజాన పెట్టుకుంటే ఆ పిడి పళ్లకి తగులుతుంది. అందుకని బ్రిటిష్ సైన్యంలో చేరిన ప్రతి పుర్రచేతివాడూ కుడి భుజం మీంచి కాల్చడం నేర్చుకోవాలి. ఇది చదివినప్పుడు నాకు హవల్దార్ సాబ్ బూటు మళ్లీ కాలికి తగిలినట్టయింది. కాకపోతే ఆ .22తో ఎడమ భుజాన కాల్చి ఉంటే నాకు కాస్త అసౌకర్యం, అంతే. ఆ తుపాకీ నా మొహానికి దూరంగా పనిచేసేది.

ఏయూజీ వాళ్లు దీనికి దారి చూపించారు. ఖోఖాల కిటికీ రెండు పక్కలా ఉంటుంది, వాడనిదానికి మూత. ఎడమచేతి బోల్టు వేసి మూత అటుది ఇటు మారిస్తే సరి. ఫ్రెంచి ఫమాస్‌నీ ఇలా తిప్పుకోవచ్చు. అంటే ఇక్కడ కూడా ఒక సీఎల్ రైట్‌హ్యాండ్ 0 ఉంది. నా సమస్య తీరిపోయిందనే అనుకున్నాను.

తీరలేదని మావాడి మచ్చ చెబుతోంది. వాడిది కుడిచెయ్యి, తుపాకీ కుడిచేతికి బిగించినదే. ఒక ఇంటిని చుట్టుముట్టే అభ్యాసం అది. గోడ చాటున నిలబడి అవతలికి చూడాలి. గోడ కుడి అంచు మీంచి అయితే కుడి భుజాన తుపాకీ, కుడి కన్ను, సగం మొహం మాత్రమే బయటికి. చక్కగా కుదురుతుంది. ఆ రోజు వాడికి దొరికింది ఎడమ అంచు. అక్కడ కుడి భుజం మీంచి చూడాలంటే ఛాతీ మొత్తం గోడ దాటాలి. మామూలు రైఫిల్ అయితే చటుక్కున ఎడమ భుజానికి మార్చుకుంటారు. ఖోఖాలు మొహానికి ముందునించి ఎగిరిపోతాయి గనక పరవాలేదు. వాడి చెయ్యి పాత అలవాటున అదే పని చేసింది. మూడో తూటాకి ఖోఖా కాలర్లో పడింది. “అది అభ్యాసం గనక మచ్చతో పోయింది. అసలుదైతే ఛాతీ బయటపెట్టాలా, చెంప కాల్చుకోవాలా అని అక్కడ నిలబడి ఆలోచించుకోవాలి” అన్నాడు.

మా ఆఫీసులో పదిమందిలో ఒకరికి వచ్చే ఇబ్బందిని ఎడ్జ్ కేస్ అంటాం. తర్వాత చూద్దాంలే అని పట్టీ చివర్న రాసుకుంటాం. పుర్రచేతివాళ్లు కూడా పదిమందికి ఒకరే గనక తుపాకులు చేసేవాళ్లూ అలాగే రాసుకుని ఉంటారు. కానీ ప్రతి గోడకీ ఎడమ అంచు ఉంటుంది. అక్కడికి చేరినవాడు ఎవడైనా, ఆ రెండు నిమిషాలూ పుర్రచేతివాడే. బోల్టు మార్చి, మూత తిప్పి రావడానికి ఆ రెండు నిమిషాల్లో వీల్లేదు.

ఈ సంగతి పట్టించుకున్న డిజైనర్లు లేకపోలేదు. బెల్జియం వాళ్ల ఎఫ్2000 ఖోఖాలని పక్కకి విసరదు. గొట్టం పక్కన ఇంకో సన్నటి దారి పెట్టి, మూతి దాకా తోసి ముందునించి జారవిడుస్తుంది. మొదటి కొన్ని ఖోఖాలు ఆ దారిలోనే ఆగి, వెనకవి వచ్చి తోస్తే బయటపడతాయి. ఏ భుజాన పెట్టుకున్నా ఫరవాలేదు. ఈ మొత్తం చదువులో నాకు బాగా నచ్చిన తుపాకీ అదే. కానీ లోపల ఏదైనా ఇరుక్కుంటే పైనున్న మూత తెరిచి అందులోకి తొంగిచూసి తంటాలు పడాలి. ఒకచోట పోగొట్టిన కష్టం ఇంకోచోట తేలింది. దాన్ని ఎంచుకున్న సైన్యాలు తక్కువే, స్లొవేనియా వాటిలో ఒకటి.

చాలా దేశాలు ఇప్పుడు వెనక్కి మళ్లుతున్నాయి. న్యూజిలాండ్ తన స్టయర్లని పక్కనపెట్టి మామూలు అమరికకి వచ్చింది. ఫ్రాన్స్ 2017 నుంచి ఫమాస్ బదులు జర్మన్ రైఫిల్ తీసుకుంటోంది. 1997లో హాంకాంగ్‌లోకి అడుగుపెట్టిన చైనా సైనికుల చేతుల్లో లోకం మొదటిసారి చూసిన క్యూబీజెడ్-95 కూడా బుల్‌పప్పే. దాని మీట తుపాకీ కొసన, చేతికి అందనంత వెనక ఉండేది. తర్వాతి రకంలో పిడి పైకి తెచ్చారు. 2019 అక్టోబరు 1 కవాతులో చైనా కొత్త రైఫిల్ చూపిస్తే, అది మామూలు అమరికలోనే ఉంది. వీటన్నిటికీ బుల్‌పప్ లోపాలే కారణం అని నేను అనను. ఫ్రాన్స్‌లో ఫమాస్ చేసే కర్మాగారమే మూతబడింది. గొట్టం కాస్త పొట్టిదైనా పనిచేసే తూటాలు, ముడుచుకునే మడమలు వచ్చాక ఆ జానెడు పొడవుకి విలువ తగ్గింది. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా ఇంకా వదల్లేదు. మన ప్రత్యేక దళాల దగ్గర ఇజ్రాయిల్ తవోర్‌లు ఉండనే ఉన్నాయి.

ఇదంతా చదివి, ఫోన్ చేసి మావాడికి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. మా ఆవిడ పిలవగా ఉగాదికి మళ్లీ వచ్చాడు. భోజనమయ్యాక, “నువ్వు చదివింది చాలు గానీ ఇటు రా” అని లిఫ్టు దగ్గరి వరండాలోకి లాక్కెళ్లాడు. గొడుగు నా చేతికిచ్చి గోడ ఎడమ అంచున నిలబెట్టాడు. పక్క ఫ్లాటు పిల్లాడు తలుపు సందులోంచి చూస్తున్నాడు. నేను గొడుగు ఎత్తి, ఎడమ భుజానికి ఆనించి, ఎడమ కన్నుతో మెట్లవైపు తొంగిచూశాను. ఒంట్లో ఏదీ బయటపడలేదు.

“అరె, నీకెవరు నేర్పార్రా?” అన్నాడు.

తర్వాత నన్ను కుడి అంచుకి తీసుకెళ్లాడు. అక్కడ నేను చచ్చిపోయాను.